పేర్లకి తోకలు తగిలించే ఉద్యోగం

మా పని ఏంటంటే

రాజమండ్రిలో ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేసే ఒక కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. బోర్డులంటే మీరు రోజూ చూసేవే. ఆసుపత్రిలో టోకెన్ పిలిచే బోర్డు, ఫంక్షన్ హాలు గేటు మీద పెళ్ళికొడుకు పేరు పాకుతూ వెళ్ళే బోర్డు, ఐస్ ఫ్యాక్టరీలో ఏ లారీ ఏ గేటుకి రావాలో చెప్పే బోర్డు. బోర్డు తయారుచేసి గోడకి బిగించడం వేరేవాళ్ళ పని. దాని మీద అక్షరాలు ఎలా కనపడాలో చెప్పడం నా పని. చుట్టాలెవరైనా "ఏం ఉద్యోగమే సత్యవతీ" అని అడిగితే ఇలాగే చెప్పేదాన్ని. "ఓహో, టైపింగా" అనేవాళ్ళు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత "అవునండీ, టైపింగే" అనడం అలవాటు చేసుకున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకి నాలుగు మాటలు రాసిపెట్టమని ఆఫీసువాళ్ళు అడిగారు. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరికి ఎన్ని కాపీలు పంపాలి లాంటివి మీకు ఎవరైనా చెప్తారు. ఎవరూ చెప్పనివి రాస్తాను.

ప్రతి బోర్డు వెనకా కంప్యూటర్లో కొన్ని గళ్ళు ఉంటాయి. ఒక గడిలో పేరు, ఒక గడిలో ఊరు, ఒక గడిలో ఫోన్ నెంబరు. గడిలో ఉన్నది ఉన్నట్టుగా బోర్డు మీదకి పంపితే ఎవరికీ నచ్చదు. అందుకని ఫార్మాట్ స్ట్రింగ్ అని ఒక వరుస రాస్తాం. ముందు పేరు రావాలి, పక్కన ఊరు రావాలి అని చెప్పే వరుస అది. అందులో ఒక్కో గడికీ కొన్ని గుర్తులు తగిలిస్తాం. పేరు మరీ పొడుగైతే కత్తిరించు, పొట్టిదైతే మిగిలిన చోటు చుక్కలతో నింపు, ముందు 'శ్రీ' పెట్టు, వెనక 'గారు' పెట్టు, గడి ఖాళీగా ఉంటే ఫలానాది చూపించు. పుస్తకాల్లో వీటిని మోడిఫయర్లు అంటారు. మా ఆఫీసులో తోకలు అనేవాళ్ళం. పేరుకి ముందు తగిలించేదాన్ని కూడా తోక అనే అనేవాళ్ళం. తోక ముందుంటుందా అని అడిగిన మనిషి నా సర్వీసులో కనపడలేదు.

తోక వల్ల గడిలో ఉన్నది మారదు, కనపడేది మాత్రమే మారుతుంది. ఈ ముక్క పార్టీలకి, అంటే బోర్డు కొనేవాళ్ళకి, చెప్తే, "లోపల ఏముంటే మాకెందుకండీ, జనం చూసేది బయటేగా" అంటారు. వాళ్ళన్నది తప్పని చెప్పలేను. నా ఉద్యోగమంతా ఆ లోపలికీ బయటికీ మధ్యనే గడిచింది.

వీర్రాజు గారి మాట

మా యజమాని వీర్రాజు గారు. మనిషి మంచివారు, ఎవరినీ పల్లెత్తు మాట అనరు. కంప్యూటర్ రాదు. కానీ పార్టీకి ఏం కావాలో పార్టీ కంటే ముందు ఆయనకే తట్టేది. మా ప్రాణాల మీదకి వచ్చేది అక్కడే.

చేరిన కొత్తలో నేనొక పార్టీతో "అది కుదరదండీ" అన్నాను. వాళ్ళు వెళ్ళాక వీర్రాజు గారు నన్ను పిలిచి కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు.

"అమ్మా సత్యవతీ, కుదరదు అన్న మాట మన షాపులో వాడం. 'చూస్తానండీ' అను. సగం మంది అడిగింది మర్చిపోతారు. మిగతా సగం మంది వచ్చి ఇంకోటేదో అడుగుతారు."

నిజమే. సర్వీసు పొడుగునా 'చూస్తానండీ' అన్నాను. అడిగిన విషయం కోసం తిరిగొచ్చినవాళ్ళు ఎవరూ లేరు, ఒక్కరు తప్ప. ఆయన సంగతి చివర్లో చెప్తాను.

భీమవరం నక్షత్రాలు

భీమవరం పక్కన ఒక ఐస్ ఫ్యాక్టరీకి బోర్డు పెట్టాం. రొయ్యల చెరువులకి ఐస్ మోసే లారీలు వరసలో ఆగి ఉంటాయి. బోర్డు మీద డ్రైవరు పేరు, గేటు నెంబరు వస్తాయి. వెళ్ళి లోడు ఎత్తుకోవాలి. ఇంతకంటే తేలిక పని ఉండదు అనుకున్నాను.

ఫ్యాక్టరీ యజమాని బోర్డుని కిందనుంచి పైదాకా చూసి మొహం మాడ్చుకున్నారు.

"ఏంటండీ ఇది? పేరు ఇంత, ఖాళీ అంతానా?"

"ఆ డ్రైవరు పేరు చిన్నదండీ. మిగతా చోటు వెలగదు."

"చీకటి కోసం బోర్డు కొనుక్కుంటానా అండీ? బోర్డంతా వెలగాలి."

వీర్రాజు గారు పక్కనుంచి "నక్షత్రాలు పెడదామండీ" అనేశారు. పెట్టాను. పేరు అయిపోయాక మిగిలిన చోటంతా నక్షత్రాలతో నిండేలా తోక తగిలించాను. యజమానికి ప్రాణం లేచొచ్చింది.

వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. బాబీ అని ఒక కుర్ర డ్రైవరున్నాడు. పేరు పొట్టిది కాబట్టి బోర్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నక్షత్రాలే. ఫ్యాక్టరీలో అందరికంటే పాత డ్రైవరు పేరు వీర వెంకట సత్యనారాయణమూర్తి. ఆయన పేరు బోర్డు అంచుకి గుద్దుకుని ఆగిపోయేది, నక్షత్రానికి చోటేది? బాబీ ఆ నక్షత్రాల్ని ఫొటో తీసి లారీ అద్దానికి అంటించుకున్నాడట. మూర్తి గారు లోడు ఎత్తనని కూర్చున్నారట.

నేను వెళ్ళాను. మూర్తి గారు నన్ను పక్కకి పిలిచారు.

"నేను ఇక్కడ స్టీరింగు పట్టుకునేనాటికి వాడు లాగు కూడా వేసుకోలేదండీ. వాడికి అన్ని నక్షత్రాలూ నాకు ఒక్కటీ లేదా?"

"పనితనానికి ఇచ్చినవి కావండీ. పేరు పొట్టిదైతే చోటు మిగులుతుంది, అంతే."

"అయితే నా పేరు పొట్టిది చేసెయ్యండి. చిన్నప్పుడు మా అమ్మ బుజ్జి అనేది."

యజమాని సరేనన్నారు, పేరు మార్చాను. మర్నాటికి మిగతా డ్రైవర్లు కూడా వరసకట్టారు. చిన్ని, నాని, కన్నా, పండు. బోర్డు మీద 'చిన్ని, రెండో గేటు' అని రాగానే గుబురు మీసాలాయన ఒకరు లేచి నడిచేవారు. ఇద్దరు కన్నాలు ఒకే గేటుకి వెళ్ళి కొట్టుకోబోయారు. లారీలు కదలక ఐస్ కరిగి గేటు ముందు కాలవ కట్టింది. యజమాని ఫోన్ చేసి ఏడుపు ఒక్కటే తక్కువగా మాట్లాడారు. "నా ఫ్యాక్టరీ అంగన్‌వాడీ అయిపోయిందండీ, ఆ నక్షత్రాలు పీకెయ్యండి."

పీకేశాను. అందరూ పాత పేర్లకి వచ్చేశారు, మూర్తి గారు తప్ప. ఆయన బోర్డు మీద బుజ్జిగానే ఉండిపోయారు. నన్నడిగితే అది ఆయనకి నప్పింది కూడా. మీరు తెలుసుకోవలసింది ఏంటంటే, ఖాళీ చోటులో మీరు ఊరికే పెట్టిన దానికి కూడా జనం అర్థం వెతుకుతారు. వాళ్ళకి అది ఊరికే పెట్టినట్టు కనపడదు.

రక్త పరీక్ష గారు

రామచంద్రపురంలో ఒక డాక్టరు గారు టోకెన్ బోర్డు కావాలన్నారు. "పేరు ఒట్టిగా వస్తే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారండీ. వెనక గారు పెట్టండి" అన్నారు. అది న్యాయమే. మన వైపు గారు లేకుండా మనిషిని పిలిస్తే తిట్టినట్టే.

"ఏ గడికి పెట్టమంటారండీ" అని వీర్రాజు గారిని అడిగాను.

"అన్నిటికీ పెట్టెయ్యమ్మా. మర్యాదలో పిసినారితనం ఎందుకు."

ఆయన మాట ప్రకారం అన్నిటికీ పెట్టాను, చూస్తే ఆయనకే తెలిసొస్తుందని. మొదటి రోజు బోర్డు ఇలా వెలిగింది. 'అప్పలనర్సమ్మ గారు, రక్త పరీక్ష గారు, కుడి వైపు గది గారు.'

నేను నవ్వాపుకోలేక చచ్చాను. హాల్లో ఒక్కళ్ళూ నవ్వలేదు. అప్పలనర్సమ్మ గారు లేచి కాంపౌండరుని "రక్త పరీక్ష గారు ఉన్నారాండీ" అని అడిగారు. "ఉన్నారండీ, వెళ్ళండి" అన్నాడు కాంపౌండరు. ఆ వెనకే నెలల పసిగుడ్డు టోకెన్ వచ్చింది. ఇంకా పేరు పెట్టలేదు, గడిలో ఎవరో 'పాప' అని కొట్టారు. బోర్డు మీద 'పాప గారు' అని రాగానే ఎత్తుకున్న అమ్మమ్మ కళ్ళు తుడుచుకుని, "చూశావే తల్లీ, అప్పుడే నీకెంత మర్యాదో" అంది.

తీసేస్తానని డాక్టరు గారికి చెప్తే ఆయన ఒప్పుకోలేదు. "వద్దండీ. అరుపులు తగ్గాయి. గది గారు అని చదివాక తలుపు కూడా మెల్లగా వేస్తున్నారు."

ఇప్పటికీ ఆ బోర్డు అలాగే ఉంది. మీలో ఎవరైనా సర్వీసుకి వెళ్తే సరిచెయ్యకండి. అది బాగానే పనిచేస్తోంది.

సత్రంలో ఖాళీ గడి

ఇక అసలు సంగతి.

గోదావరి గట్టు మీద ఒక సత్రం ఉంది. పేరు చెప్పను. కార్తీక మాసంలో అక్కడ సభ్యులందరికీ సామూహికంగా సత్యనారాయణ వ్రతాలు జరుగుతాయి. హాలు చాలదు కాబట్టి కొన్ని జంటల చొప్పున పిలుస్తారు. బోర్డు మీద భార్యాభర్తల పేర్లు రాగానే వెళ్ళి పీటల మీద కూర్చోవాలి. పోయిన సభ్యుల పేరు వస్తే ముందు 'కీ.శే.' అని ఉంటుంది, చుట్టూ పూలదండ వెలుగుతుంది. పురోహితుడు గారు గోత్రనామాలు చదువుతారు, హాల్లో అందరూ దణ్ణం పెడతారు. చాలా పద్ధతైన ఏర్పాటు.

సత్రం కార్యదర్శి పట్టాభి గారు. మెయిన్ రోడ్డులో బట్టల షాపు ఆయనది. ఆ బోర్డు పని మాట్లాడటానికి వచ్చినప్పుడు నేనడిగాను.

"సభ్యుల్లో ఎవరు పోయారో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుందండీ? దానికొక గడి ఉందా?"

"గడి లేదండీ. ఎవరైనా పోతే ఇంట్లోవాళ్ళు ఇంక ఆ నెంబరుకి ఫోన్ చెయ్యొద్దంటారు. మేం నెంబరు తీసేస్తాం. మా దగ్గర ఫోన్ గడి ఖాళీ అంటే పోయినట్టేనండీ."

"బతికుండి ఫోన్ లేనివాళ్ళు ఉంటే?"

పట్టాభి గారు జాలిగా చూశారు. "ఈ రోజుల్లో అలా ఎవరు బతుకుతారండీ?"

ఇంకో గడి పెడదాం, ఉన్నారో లేరో అందులో రాద్దాం అన్నాను. వీర్రాజు గారు నా చెయ్యి తట్టారు. "పెడితే అందులో ఏం రాయాలమ్మా? ఇంటింటికీ వెళ్ళి ఉన్నారాండీ పోయారాండీ అని అడుగుతామా? ఫోన్ గడి ఖాళీ అయితే ముందు కీ.శే., చుట్టూ దండ. పెట్టెయ్."

కాగితం మీద రాసిచ్చాను, ఇది పద్ధతి కాదని. ఆయన చదివి "చూస్తానమ్మా" అన్నారు. ఆ మాటకి అర్థం నాకు తెలుసు కదా.

వ్రతాల రోజున లాప్‌టాప్ పెట్టుకుని బోర్డు పక్కన కూర్చున్నాను. గళ్ళలో ఉన్నవి మార్చగలను. తోకలు మార్చే పాస్‌వర్డ్ మాత్రం వీర్రాజు గారి దగ్గరే ఉండేది. నేను పార్టీలకి ఇష్టమొచ్చినట్టు తోకలు పంచేస్తానని ఆయన భయం. ఆయనేమో భీమవరంలో పెళ్ళికి వెళ్ళారు.

సాయంత్రానికి ఆఖరి బ్యాచ్ వచ్చింది. వాళ్ళలో రామచంద్రపురం అవతల కొబ్బరి తోటలున్న సూర్రావు గారు, ఆయన భార్య అనంతలక్ష్మి గారు ఉన్నారు. ఇద్దరూ డెబ్భై దాటినవాళ్ళే. ఎదురుచూస్తున్నంతసేపూ అనంతలక్ష్మి గారు నా పక్కనే కూర్చుని కబుర్లు చెప్పారు.

"పెళ్ళైన కొత్తలో పీటల మీద కూర్చున్నదేనమ్మా. ఆ తర్వాత ప్రతి కార్తీకంలోనూ అడుగుతూనే ఉన్నాను. కాయ దింపేవాళ్ళు వచ్చారంటారు, మోటారు కాలిందంటారు. ఈ ఏడు ఆయనే పద అన్నారు. నేను నమ్మలేదు. చీర కూడా దార్లో కొన్నాం."

అదే కట్టుకుని వచ్చారు. మడతలు ఇంకా పోలేదు.

అంతలో బోర్డు మీద పూలదండ వెలిగింది. మధ్యలో 'కీ.శే. సూర్రావు గారు' అని వచ్చింది. పురోహితుడు గారు గొంతు తగ్గించారు. హాల్లో అందరూ లేచి దణ్ణం పెట్టారు. కళ్ళజోడు జేబులో ఉండటంతో సూర్రావు గారు కూడా లేచి భక్తిగా దణ్ణం పెట్టారు.

పక్కాయన ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. "ఏమండీ, అది మీ పేరేనండీ."

రికార్డులో లేరు

సూర్రావు గారు కళ్ళజోడు పెట్టుకుని బోర్డు చదివారు. కోపం రాలేదు. మెల్లగా మా దగ్గరికి నడిచొచ్చారు. పట్టాభి గారు కూడా వచ్చారు.

"ఏంటండీ ఇది?"

"మీరు ఫోన్ నెంబరు ఇవ్వలేదండీ" అన్నారు పట్టాభి గారు.

"నాకు ఫోన్ లేదు కదండీ."

"అదేనండీ నేనూ అంటున్నది."

"నేను మీ ఎదురుగా నిలబడి ఉన్నానండీ."

"నిలబడ్డారండీ. నేను కాదన్నానా? కానీ దండ పడ్డాక, అందరూ దణ్ణం పెట్టాక మిమ్మల్ని పీటల మీద కూర్చోబెడితే కమిటీలో మాటొస్తుంది. రికార్డులో మీరు లేరు."

నేను వీర్రాజు గారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఈ లెక్కన ఆయనకి కూడా దండ వెయ్యొచ్చు అనుకున్నాను.

ఈలోగా ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి అనంతలక్ష్మి గారి చేతులు పట్టుకున్నారు. "ఎప్పుడు జరిగిందమ్మా" అని అడిగింది ఒకావిడ. అనంతలక్ష్మి గారు వేలెత్తి భర్తని చూపించారు. ఆవిడ ఆయన వైపు తిరిగి, "మీరైనా ధైర్యం చెప్పాలి బాబూ" అని వెళ్ళిపోయింది.

పట్టాభి గారు చెడ్డవారేం కాదు. "ఏదో ఒక నెంబరు ఇచ్చెయ్యండి, గొడవ వదిలిపోతుంది" అన్నారు. కానీ ఆ గడిలో ఊరికే అంకెలు కొడితే ఒప్పుకోదు. ఆ ఫోన్‌కి ఓటీపీ వెళ్ళాలి, అది చూసి చెప్పాలి. ఒక నెంబరు ఒక సభ్యుడికే. హాల్లో ఉన్న జంటలందరి నెంబర్లూ ఎప్పుడో ఎక్కేశాయి. నా నెంబరు కూడా ఆపరేటర్ కింద ఎక్కేసింది. "బయట ఎవరిదైనా తీసుకుందామండీ" అన్నాను.

అప్పుడు సూర్రావు గారికి పంతం వచ్చింది. "ఇంకొకళ్ళ నెంబరు మీద నేను బతకనండీ. పోయాననుకుంటే అనుకోండి. మనిషి కళ్ళముందుంటే నమ్మనివాళ్ళు నెంబరు చూసి నమ్మడం ఏంటి? నాకేం నష్టం లేదు, తోటకెళ్ళి నీళ్ళు పెట్టుకుంటాను."

ఆయనన్నది అక్షరాలా నిజం. కానీ పీటలు తీసేసే వేళవుతోంది. పురోహితుడు గారు తొందరపెడుతున్నారు. అనంతలక్ష్మి గారు కొత్త చీర కొంగు వేలికి చుట్టుకుంటూ బోర్డు వైపు చూస్తున్నారు. బోర్డు మీద ఇంకా ఆ దండ అలాగే వెలుగుతోంది.

ఆవిడ నా దగ్గరికి వచ్చి వంగారు.

"అమ్మా, నా నెంబరు ఉంది కదా. అది తీసి ఆయనకి పెట్టెయ్యి."

"అప్పుడు మీ గడి ఖాళీ అవుతుందండీ. అలాగైనా మీరు పీటల మీద కూర్చోలేరు."

"కూర్చోకపోతే పోయింది. ఆయన పేరు ముందు ఆ మాట నేను చూడలేకపోతున్నానమ్మా."

నేను ఏదో చెప్పబోయాను. ఆవిడ ఫోన్ నా చేతిలో పెట్టేశారు. ఆవిడ గడిలోంచి నెంబరు తీసి ఆయన గడిలో పెట్టాను. ఓటీపీ ఆవిడ ఫోన్‌కే వచ్చింది, కొట్టాను. బోర్డు ఒక్క క్షణం ఆరి వెలిగింది. పైన 'శ్రీ సూర్రావు గారు' అని శుభ్రంగా ఉంది. కింద దండ మధ్యలో 'కీ.శే. అనంతలక్ష్మి గారు'.

ఆవిడ చదువుకుని గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. "హమ్మయ్య. పసుపు కుంకాలతో పోయాను, ఇంకేం కావాలి" అని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం పగలబడి నవ్వుతున్నాం. హాల్లో వాళ్ళందరూ మళ్ళీ లేచి దణ్ణం పెడుతున్నారు.

పట్టాభి గారితో వాదిస్తున్న సూర్రావు గారు మా నవ్వు విని ఇటు తిరిగారు. బోర్డు చదివారు. పక్కనున్న స్తంభం పట్టుకున్నారు.

"తియ్యండది."

"ఏమండీ, నేనే పెట్టించాను" అన్నారు అనంతలక్ష్మి గారు. "మీకు పట్టింపు లేదన్నారుగా."

"నాకు లేదే. నీకు పెడితే నేనెలా చూడను?" నా వైపు తిరిగారు. "తియ్యండమ్మా. నెంబరు కావాలి, అంతేగా."

అని బయటికి నడిచారు. నడవడం కాదు, పరిగెత్తారు. ఇంకొకళ్ళ నెంబరు మీద బతకనన్న మనిషి, పంచె ఒక చేత్తో పట్టుకుని సత్రం వాకిట్లో ఎదురైన ప్రతివాళ్ళనీ నెంబరు అడుక్కున్నారు. వాళ్ళందరూ సభ్యులే. చివరికి గేటు దగ్గర చెప్పుల స్టాండు చూసుకునే నూకరాజు దొరికాడు. నేను వెనకే వెళ్ళాను.

"బాబూ, నీ ఫోన్ నెంబరు ఇస్తావా?"

"ఎందుకండీ?"

"మా ఆవిడ బతకాలి."

నూకరాజు స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. "అంబులెన్సుకి ఫోన్ చెయ్యమంటారాండీ?"

"వద్దయ్యా. నెంబరు చాలు."

నేను లోపలికొచ్చి ఆ నెంబరు అనంతలక్ష్మి గారి గడిలో కొట్టాను. ఓటీపీ నూకరాజు ఫోన్‌కి వెళ్ళింది. చెప్పులు వదిలి లోపలికి రానన్నాడు నూకరాజు, అక్కడ ఊరందరి చెప్పులూ ఉన్నాయి మరి. గేటు దగ్గరే నిలబడి ఒక్కో అంకె అరిచాడు. వాకిట్లో ఉన్న సూర్రావు గారు అందుకుని గుమ్మం వైపు అరిచారు. గుమ్మంలో ఉన్న పట్టాభి గారు హాల్లోకి అరిచారు. పురోహితుడు గారు, మైకు చేతిలో ఉంది కాబట్టి, అదే అంకె మైకులో అన్నారు. అప్పటికే రెండుసార్లు లేచి కూర్చున్న జనం ఇదీ వ్రతంలో భాగమే అనుకుని ప్రతి అంకెకీ నమస్కారం పెట్టారు.

ఆఖరి అంకె కొట్టాను. దండ ఆరిపోయింది. 'శ్రీ సూర్రావు గారు, శ్రీమతి అనంతలక్ష్మి గారు.'

పీటలు వేశారు. ఆవిడ వెళ్ళి కూర్చున్నారు. ఆయన కూర్చోలేదు. బోర్డు మీద పేర్లు పాకి వెళ్ళిపోయి, మళ్ళీ మొదటి నుంచి వచ్చేదాకా నిలబడి, ఆవిడ పేరు ఇంకోసారి చదువుకుని అప్పుడు కూర్చున్నారు.

మీకు అప్పగించేది

మర్నాడు వీర్రాజు గారికి జరిగిందంతా చెప్పాను. ఆయన తల పట్టుకుని, "ఇంకో గడి పెట్టుంటే సరిపోయేది కదమ్మా, ముందే చెప్పొద్దూ" అన్నారు. నేను మంచినీళ్ళు తాగి వచ్చి ఆ గడి పెట్టాను. అందులో ఎవరూ ఏమీ రాయకపోతే మనిషి ఉన్నట్టే చూపిస్తుంది. మీరు చేసే ప్రతి బోర్డుకీ ఇదే పద్ధతి పెట్టండి. ఖాళీ గడి చూసి మనిషి పోయాడని మీరు తేల్చెయ్యకండి. దానికి తెలియదు, మీకూ తెలియదు.

సత్రం నుంచి అనంతలక్ష్మి గారికి పంపే పుట్టినరోజు శుభాకాంక్షలు ఇప్పటికీ నూకరాజు ఫోన్‌కే వెళ్తాయి. సూర్రావు గారు మార్చనివ్వలేదు. కలిసొచ్చిన నెంబరట.

ఆ రోజు వ్రతం అయ్యాక సూర్రావు గారు ప్రసాదం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అనంతలక్ష్మి గారు దూరంగా ఎవరితోనో మాట్లాడుతున్నారు. ఆయన అటు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"అమ్మా, పేరు ముందు ఏదైనా పెట్టడానికి మీ దగ్గర తోకలున్నాయని ఇందాక మా ఆవిడతో అన్నారట కదా. ఆ మాట మా ఆవిడ పేరు ముందు ఎప్పటికీ రాకుండా ఏదైనా తోక ఉంటుందాండీ? నాకు వస్తే రానీండి."

నాకు తెలియని తోక లేదు. కత్తిరించేవి, నింపేవి, ముందు పెట్టేవి, వెనక పెట్టేవి అన్నీ వచ్చు. ఆయన ప్రసాదం ఆకు రెండు చేతులతో పట్టుకుని జవాబు కోసం నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది.

"చూస్తానండీ" అన్నాను.

ఆయన మర్చిపోయే రకం కాదు. ప్రతి కార్తీకంలోనూ ఆవిడతో కలిసి వస్తారు. ఆవిడని పీట మీద కూర్చోబెట్టి, నా దగ్గరికి వచ్చి "చూశారాండీ" అని అడుగుతారు. "చూస్తున్నానండీ" అంటాను. తల ఊపి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంటారు.

ఈ కార్తీకానికి ఆ బోర్డు పక్కన మీలో ఎవరో ఒకరు కూర్చుంటారు. ఆయన వచ్చి అడుగుతారు. మీరూ చూస్తున్నామనే చెప్పండి.